తొట్టిలో కురిసిన దారాలు

మూడో తరగతికి కణభౌతికశాస్త్రం చెప్తానంటే మా హెడ్మిస్ట్రెస్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ముందు ముక్కులు తుడుచుకోవడం నేర్పండి మాస్టారూ" అంది. తగ్గే ఘటాన్ని కాను. పిండిముద్దలతో ప్రోటాన్లు చేయించాను, గోళీలు ఢీకొట్టించాను. కణమంటే ఏమిట్రా అంటే "కణకణలాడేది సార్!" అని పిల్లలు అరిచేదాకా తెచ్చాను. ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

సోమవారం చేపలు లేని చేపలతొట్టి తెచ్చాను. పైన స్పిరిట్‌లో తడిపిన గుడ్డ, అడుగున నల్లరేకు, దాని కింద పొగలుకక్కే డ్రై ఐస్, పక్కనుంచి టార్చి వెలుగు. లోపల పల్చటి మంచు. కంటికి కనపడని కణం ఆ మంచులోంచి దూసుకుపోతే వెనకాల తెల్లని దారం మిగులుతుంది. నాలుగైదు సెకన్లకొకటి.

"ఆకాశం నుంచి ఊడిపడే చుట్టాలర్రా. మంచినీళ్లయినా తాగకుండా పోతారు" అన్నాను.

వంతులవారీగా చూస్తుంటే పాత ఇనుము కొట్టతని కూతురు వంతు వచ్చింది. తల పక్కకి వాల్చి చూస్తుంది కనక అందరికీ అది పిచ్చుక. అది అద్దానికి ఆనుకుని నిలబడగానే తొట్టినిండా దారాలు. చిక్కుపడ్డ నూలులా ఒకదానిమీద ఒకటి.

"సార్, పిచ్చుకొస్తే వాన పడుతోంది!"

వెనక్కి పంపితే వాన వెలిసింది. రమ్మంటే మళ్లీ కురిసింది.

ఇరవై రెండేళ్లుగా 'ఎందుకు?' అని అడగడం నేర్పుతున్నవాణ్ణి. ఆ పూట నేను అడగలేదు. ఆట రక్తికట్టింది, అంతే. "నీది హస్తవాసి కాదే తల్లీ, కణవాసి!" అని దాన్ని తొట్టిపక్కనే కుర్చీవేసి కూర్చోబెట్టాను. మూడు రోజులు. మిగతావాళ్లు దాని భుజాలమీదుగా ఒంగి చూశారు. నాలుగో తరగతిని కూడా పిలిచాను. తొట్టి చెప్పాల్సింది చెప్తూనే ఉంది, నేను చప్పట్లు కొట్టిస్తున్నాను.

బుధవారం పిచ్చుక రెండుసార్లు వాంతి చేసుకుంది.

"ఏం తిన్నావే?"

"తినబుద్ధి కావట్లేదు సార్."

మెడ గోక్కుంటూనే ఉంది. మూడోసారి బయటికి పరిగెత్తేముందు, దురదపెడుతోందని మెడలో తాడు తీసి తొట్టి అంచున పెట్టింది. తాడుకి చిన్న రేకుబిళ్ల. ఆయా దాన్ని పంపు దగ్గరికి తీసుకెళ్లింది.

గదిలో పిచ్చుక లేదు. తొట్టిలో వాన ఆగలేదు.

కణాలు కురిపిస్తున్నది పిచ్చుక కాదు, ఆ బిళ్ల.

"ఎలక్ట్రాన్లన్నీ చివరి కక్ష్యలోకి! మైదానం అవతలి గోడ ముట్టుకోవాలి, పదండి!" మొహాన నవ్వు చెదరనివ్వకుండా అరిచాను. వాళ్లకి అలవాటైన ఆటే. కిలకిలమంటూ పోయారు. గదికి తాళం వేశాను. హెడ్మిస్ట్రెస్ అంబులెన్సుకీ, ఫైరింజను వాళ్లకీ ఫోన్లు చేసింది. పంపు దగ్గర పిచ్చుక మెడ చూశాను. బిళ్ల ఆనేచోట, బిళ్లంత మేర, చర్మం ఉడికినట్టుంది. రేడియేషన్ దెబ్బ.

కబురు పంపిన పది నిమిషాల్లో తండ్రి వచ్చాడు. కుడిచేతి వేళ్లకి గుడ్డ చుట్టి ఉంది.

"మా పిల్ల ఏం తప్పు చేసింది సారూ?"

"తప్పు దానిది కాదయ్యా. ఆ బిళ్లలో ఏముంది?"

"ఓ, అదా! మూతపడ్డ కేన్సరాస్పత్రి సామాన్లో పెద్ద మిషనొచ్చింది. సీసం కోసం విప్పితే లోపల మెరిసే గింజలు. వెండికి చెల్లెళ్లనుకోండి. పిల్ల ముచ్చటపడిందని ఒకటి బిళ్లలో పెట్టి అతికాను."

"చేతికేమైంది?"

"వెల్డింగు మంట తగిలిందనుకున్నా. మానట్లేదు."

"మిగతా గింజలేవి?"

"ఎన్నో లేవు సారూ. చిన్నోడు రాత్రిళ్లు ఒకటే ఏడుపు. గిలక్కాయలో పోసి ఉయ్యాలకి కట్టాను. వారమైంది. ఇప్పుడసలు ఏడుపే లేదు, రాత్రీ పగలూ నిద్రే. మా ఆవిడకి ప్రాణం లేచొచ్చిందనుకోండి."

అతని జేబులోని ఫోన్ వైపు చెయ్యి చూపించాను.

"ఇంటికి ఫోన్ చెయ్యి. పిల్లాణ్ణెత్తుకుని వీధిలోకి వచ్చెయ్యమను. గిలక్కాయ ముట్టుకోవద్దను."

ఎడంచేత్తో ఫోన్ తీశాడు. అవతల నుంచి ఆడగొంతు గుసగుసగా వినిపించింది.

"మెల్లగా మాట్లాడవయ్యా, వాడు పడుకున్నాడు."