ఈలమేస్త్రీ చేయని తప్పు

ఇలా దగ్గరికి రావే చిన్నదానా, ఆ కుర్చీ ఇంకాస్త ఇటు జరుపుకో. మీ అక్క కంప్యూటర్‌లో కార్లు తయారుచేసే ఆట ఆడేది కదా, ఆ ఆట మన ఇంట్లో ఏం తవ్వి తీసిందో నీకు తెలియదు. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు.

ఆటంటే ఊరికే తోలుకుంటూ పోయే ఆట కాదు. ఇంజిను నుంచి తలుపు పిడి దాకా అన్నీ మీ అక్కే గీసుకోవాలి. ఆ కార్లు చేసే కంపెనీని కూడా తనే కల్పించాలి. అది ఎప్పుడు పుట్టింది, ఏ ఏడు ఏ బండి వదిలింది, దాన్ని ఎవరు కొన్నారు, ఎందుకు మానేశారు, అంతా చరిత్ర రాయాలి. ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఇరవైమంది, ఎక్కడెక్కడో కూర్చుని ఒకరి చరిత్ర ఒకరు చదివి తగువులాడుకునేవారు. మీ అక్క కంపెనీకి అరవై ఏళ్లు, పదకొండు బండ్లు. పదకొండూ బంగారాలే.

ఒక మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చింది. "ఎవ్వరూ నమ్మట్లేదు నాయనమ్మా. ఒక్క చెత్త బండి కూడా లేని కంపెనీ ఎక్కడైనా ఉంటుందా అని ఏడిపిస్తున్నారు."

"చెత్త బండే కదా, నన్నడుగు" అన్నాను బట్టలు మడతపెడుతూ. నా చదువు రెండో తరగతితో సరి, కానీ చెవిన పడ్డది ఒక్కటీ పోదు. నా పెళ్లిలో ఎవరు ఎవరి మీద అలిగారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మీ తాతయ్య వయసులో ఉన్నప్పుడు కార్ల ఫ్యాక్టరీలో రేకుపని చేసేవారు. ముందు చక్రం మీద ఉండే రేకును కొయ్య అచ్చు మీద పెట్టి, సుత్తితో కొట్టి వంపు తెచ్చేవారు. దాన్ని చూసి, బాగుందని సుద్దతో గుర్తు వేసే పని ఈలమేస్త్రీది. పొద్దస్తమానం ఈల వేస్తుంటాడని ఆ పేరు. ఒక వానాకాలం నలభై కార్లు వెనక్కి వచ్చాయి. రేకుకూ ముందు దీపానికీ మధ్య సందు ఉండిపోయి, నీళ్లు దిగి దీపాలు ఆరిపోయాయి. ఈలమేస్త్రీ తాగి వచ్చి సరిగ్గా చూడలేదని పనిలోంచి తీసేశారు. అది నేను కుళాయి దగ్గర విన్నాను. యాభై ఏళ్లుగా ఎవరడిగినా అలాగే చెప్పాను. మీ అక్కకూ అలాగే చెప్పాను.

అది పన్నెండో బండి అయింది. ఆ ఇరవైమందీ ఎగిరి గంతేశారట. సాయంత్రం మా ఇద్దరినీ కూర్చోబెట్టి మీ అక్క చదివి వినిపించింది. "ఈ బండి తొలి వానకే లొంగిపోయింది. తాగుబోతు తనిఖీ మేస్త్రీని కంపెనీ సాగనంపింది."

మీ తాతయ్య కళ్లజోడు తుడుస్తున్నవారల్లా ఆగిపోయారు. "అది తీసెయ్యి అమ్మడూ."

"ఎందుకు తాతయ్యా? అందరికీ అదే భలే నచ్చింది. ఉత్త కథే కదా!"

"ఆయన తాగలేదు. అసలు తాగేవాడే కాదు."

నా కథకే వంక పెట్టారని నాకు ఉక్రోషం వచ్చింది. "అందరూ అన్నారు కదండీ?"

"అందరూ అన్నారు. నేను నోరు మూసుకున్నాను."

అప్పుడు చెప్పారు. వానకు కొయ్య అచ్చు చెమ్మ పట్టి ఉబ్బింది. మూడో రేకు కొడుతుండగానే వంపు తప్పుతోందని ఆయన చేతికి తెలిసిపోయింది. కొత్తగా చేరినవాడు, వీడికి సుత్తి పట్టడమే రాదంటారని భయం. ఈలమేస్త్రీ వచ్చి, "ఏరా, వంపు సరిగ్గా వస్తోందా?" అని అడిగాడు. వస్తోందన్నారు. ఆ మాట మీద నమ్మకంతో మేస్త్రీ గుర్తు వేశాడు.

నేను లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

"మరి ఇప్పుడు ఏం రాయను?" అంది మీ అక్క మెల్లగా.

"రేకు కొట్టినవాడు అబద్ధం ఆడాడని రాయి."

రాసింది. కానీ రాసేస్తే అయిపోతుందా? ఈలమేస్త్రీ పోయినా ఆయన కూతురు రెండు వీధుల అవతలే బట్టలు కుడుతుంది. మర్నాడు పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. కుట్టుమిషను ముందు నిలబడి మీ తాతయ్య ఉన్నదంతా చెప్పేశారు. మిషను ఆగింది.

"నాన్న పోయి తొమ్మిదేళ్లయింది బాబాయ్" అంది ఆ అమ్మాయి. "చివరిదాకా ఏమనుకున్నాడో తెలుసా? తన కళ్లే మోసం చేశాయనుకున్నాడు. మళ్లీ ఎక్కడా తనిఖీ పనికి ఒప్పుకోలేదు. ఇంట్లో బియ్యం ఏరమన్నా నాకు కనబడదనేవాడు."

మీ తాతయ్య తల ఎత్తలేదు. ఆమె కూర్చోమనలేదు.

మీ అక్క ఫోనులో ఆ బండి బొమ్మ, దాని కింద తిరగరాసిన చరిత్ర చూపించింది. ఆమె రెండుసార్లు చదువుకుంది. బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"ఇందులో మా నాన్న పట్టడు" అంది. "ఆరడుగుల పైన మనిషి. తల తగులుతుంది."

ఇంటికొచ్చి మీ అక్క ఆ బండి కప్పును అరచేయంత పైకి లేపింది. ఆ ఎత్తుకు గాలి అడ్డుపడి వేగం తగ్గింది. అసలే చెత్త బండికి ఆ టోపీ ఏంటని ఇరవైమందీ వెక్కిరించారు. అయినా మార్చలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ మీ తాతయ్య ఎదురుపడితే తల ఊపుతుంది, అంతే. ఆయనకు అది చాలో చాలదో నేనడగలేదు.

నా సంగతి వేరు. యాభై ఏళ్లలో ఆ తప్పుడు మాట ఎంతమంది చెవిలో వేశానో, వాళ్లిప్పుడు ఎక్కడెక్కడున్నారో. అందరి గుమ్మాలూ ఎక్కి దిగే ఓపిక నాకిక లేదు. నువ్వు గుర్తుపెట్టుకో తల్లీ. కార్ల మాట వచ్చినా, వాన మాట వచ్చినా చెప్పు. ఈలమేస్త్రీ తాగలేదు, ఆయన కళ్లు శుభ్రంగా ఉన్నాయి, అబద్ధం ఆడింది మా తాతయ్య అని చెప్పు. మొహమాటపడకు. ఆయనే చెప్పమన్నారు.