కాళ్ళు లేని తూనీగ

తూనీగకి రత్తయ్య కాళ్ళు పెట్టాడు. చూడగానే శివపార్వతికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటండీ రత్తయ్య గారూ? మా ఆయన గీసినదాంట్లో కాళ్ళెక్కడున్నాయి? ఉన్నది ఉన్నట్టు చెక్కమన్నానా లేదా?"

"బొమ్మన్నాక నిలబడాలి కదమ్మా," అన్నాడు ముసలాయన, వేళ్ళకంటిన చింతగింజల మక్కు జిగురు తాపీగా తుడుచుకుంటూ. "మా కొండపల్లిలో నిలబడని బొమ్మని గడప దాటించం. మా నాయన నాటినుంచీ అంతే."

"ఇది బొమ్మ కాదండీ!"



తూనీగ ఆమె భర్త జయకృష్ణ ఊహించిన యుద్ధనౌక. చుక్కల మధ్య ఎగిరేది. వన్ టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ కొట్లో పొద్దస్తమానం కట్టలు దింపించే ఆ మనిషి, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని, ఏడు చందమామలున్న లోకంలోకి వెళ్ళిపోయేవాడు. అక్కడో యుద్ధం. ఓడిపోతున్న జనానికి చివరి ఆశగా తయారైన ఒకే ఒక్క నౌక ఈ తూనీగ. ఆ కథ ఫోన్లో వారానికో భాగం పెడితే చదివేది మహా అయితే ముప్పై ఏడుగురు. వాళ్ళకన్నా ముందు, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ వినేది పెళ్ళామే. "ప్రోటోటైప్ పార్వతీ! ఇంకా ఎవడూ నడపలేదు దీన్ని!" అని ఆయన మురిసిపోతుంటే, "ముందు మీ స్కూటర్ సంగతి చూడండి, అదీ నడవట్లేదు," అని దెప్పేది.

నిరుడు అక్టోబరులో పోయాడు. క్యాన్సరని సెప్టెంబరులో ఇద్దరూ కలిసే విన్నారు. నెలన్నర తిరక్కుండా అంతా అయిపోయింది. తర్వాత ఆసుపత్రి ఫైలు సర్దుతుంటే జూన్ పదకొండు తేదీతో ఒక స్కాన్ రిపోర్టు కనబడింది. తేదీ తప్పు పడి ఉంటుందిలే అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది పాపం! తెలిసి కూడా మూడు నెలలు పక్కనే నవ్వుతూ తిరిగాడంటే, ఆ మూడు నెలలూ తను విసిరిన మాటలన్నీ ఎక్కడ దాచుకోవాలి? ఆయనకి తెలియదు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతుకుతోంది.

సంవత్సరీకం నాటికి తూనీగ ఆయన గీసినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా చేతికి రావాలని వారం క్రితం ఆయన నోట్‌బుక్కే తెచ్చి రత్తయ్యకిచ్చింది. తను మాత్రం అందులో చివరి బొమ్మ దాటి వెనక్కి తిప్పలేదు. ఆ చేతిరాత చూస్తే తట్టుకోలేదు.

"నేనేం సొంతంగా పెట్టలేదు తల్లీ," అని రత్తయ్య నోట్‌బుక్ తెరిచాడు. ఒక పేజీని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టాడు. "ఇదుగో. గీసి చెరిపేశారు. పెన్సిల్ గాడి కాగితంలో దిగిపోయింది, చెయ్యి పెట్టి చూడు. ఈ గాడి కొలతకే చెక్కాను. దీనికి ముందు పేజీలన్నిటిలోనూ కాళ్ళున్నాయి."

శివపార్వతి వేలితో తడిమింది. నిజమే, నాలుగు గాళ్ళు. పేజీ మూలన ఆయన అలవాటుగా వేసుకునే తేదీ ఉంది. జూన్ పన్నెండు. ముందు పేజీ తిప్పింది. జూన్ పది. నాలుగు కాళ్ళ మీద తూనీగ నిక్షేపంగా నిలబడి ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క రోజు.

రిపోర్టులో తేదీ తప్పు పడలేదు.

ఆ వారం భాగం ఆయన చదివి వినిపించడం గుర్తొచ్చింది. "కాళ్ళు లేకపోతే ఎక్కడ దిగుతుందండీ?" అని తనే అడిగింది.

"దిగే పని లేదులే పార్వతీ."

"అయితే పెట్రోలు సగం పోస్తే చాలు!"

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తనూ నవ్వింది, పాపిష్ఠిది, ఆ కళ్ళకేసి సరిగ్గా చూడనైనా చూడకుండా.

"ఎంత పని చేశారండీ," అంటూ అక్కడే రంపపు పొట్టులో కూలబడి ఏడ్చింది. ముప్పై ఏడుగురికి చెప్పుకున్నాడు. తనకీ చెప్పాడు. తనకే వినబడలేదు.

రత్తయ్యకి ఏమీ అర్థం కాలేదు. గాభరాపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "కాళ్ళు తీసెయ్యమంటావా తల్లీ? మక్కు పచ్చిగానే ఉంది, ఊడొచ్చేస్తాయి."

ఆమె తలెత్తి తూనీగని చూసింది. తెల్లపొణికి కర్ర మీద ఇంకా రంగు పడలేదు.

"వద్దండీ. ఉండనివ్వండి. మీ పెన్సిలోసారి ఇస్తారా?"

జూన్ పన్నెండు పేజీ ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ నోట్‌బుక్కుల్లో ఒక్క గీత గీసి ఎరగదు. ఆయన చెరిపేసిన గాళ్ళ మీదుగా ఒక్కొక్క కాలే మళ్ళీ గీసుకుంటూ పోయింది. నాలుగోది వంకర పోయింది.

"కాళ్ళు పెట్టేశానండీ," అంది కాగితంతో. "ఇంక దిగండి."

రత్తయ్య విననట్టే, తూనీగని ఆరబెట్టడానికి ఎండలోకి తీసుకెళ్ళాడు.