సగం చీటీ

మా చూయ్ లోయ మెన్నోనైట్ క్రైస్తవుల ఇళ్లలో బైబిలు పక్కనే వాక్యాల డబ్బా ఒకటి ఉంటుంది. ఒక్కో చీటీ మీద ఒక్కో బైబిలు వాక్యం. ఆవును అమ్మాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా చీటీ తీయాల్సిందే. మా పక్కింటి యుస్టీనా పెద్దమ్మ అయితే తనకి నచ్చిన చీటీ వచ్చేదాకా తీస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆమె చెల్లెలు అగాథా పిన్ని బన్నుల సంచితో గేటు దగ్గర నిలబడింది. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చావింటికి బన్నులు ఎవరికి వారు కాల్చి తేవడం మా పద్ధతి. పిన్ని కన్నతల్లి అంత్యక్రియలకి బేకరీలో కొని తెచ్చింది. అదీ ఆమె చేసిన నేరం. "ఇదే ఆఖరు, ఇంక రానని చెప్పు" అని నాతో కబురంపింది.

పెద్దమ్మ కళ్లు మూసుకుని చీటీ తీసింది. ముఖం వెలిగిపోయింది.

"నేను మారను అంటున్నాడు ప్రభువు! ఆయనే మారనప్పుడు నేనెందుకు మారాలే?"

"నీనెవె ఊరిని నాశనం చేస్తానన్న దేవుడు, ఆ జనం పశ్చాత్తాపపడితే మానుకోలేదా పెద్దమ్మా?"

"వాళ్లు గోనెపట్టలు కట్టుకున్నారు, గొడ్లకి కూడా కట్టారు. ఇదేం కట్టుకుంది? పూలగౌను వేసుకొచ్చింది!"

నాకు ఒళ్లు మండింది. బైబిల్లో ఆ వాక్యమున్న మలాకీ గ్రంథం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. "చీటీ మీద ఉన్నది సగమే. మిగతాది చదువు."

కళ్లజోడు సర్దుకుని చదివింది. ఆయన మారడు కాబట్టే ఆ తప్పులు చేసిన జనం ఇంకా బతికున్నారట. ఆ కిందే, మీరు నా దగ్గరికి రండి, నేను మీ దగ్గరికి వస్తాను అని ఉంది.

"చూశావా, ముందు రావాల్సింది అదే" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి.

"వచ్చి గంటయింది. ఎండలో నిలబడింది."

పెద్దమ్మ లేచింది. చీటీలు అచ్చేసిన పిసినారుల్ని తిట్టుకుంటూ గేటుదాకా వచ్చేసరికి పిన్ని వెళ్లిపోతూ వీధి చివర ఉంది.

"ఏయ్ అగాథా! ఆగవే! ఆ బన్నులు నువ్వు కాల్చినవేనా?"

"కొన్నవే అక్కా. నా చేతులు పిండి పిసకలేవు. మంచాన పడ్డ అమ్మని ఎత్తీ దించీ అప్పుడే పాడయ్యాయి. నువ్వు అడిగితేగా."

పెద్దమ్మ గబగబా ఆమె దగ్గరికి నడిచింది. సంచిలోంచి ఒక బన్ను తీసి కొరికింది. నములుతూనే ఏడ్చింది.

"ఉప్పు చాల్లేదు" అంది. "రేపు పిండి నేను పిసుకుతాను. నువ్వు కూర్చుని చూద్దువు గాని, రా."