బల్ల మీద చప్పుడు

"గాజుదైతే తుడుచుకోవడం తేలిక," అని మా ఆయన అప్పటికి మూడోసారి అన్నాడు. తుడిచేది ఎవరో మాత్రం ఒక్కసారీ అనలేదు.

"గాజుదా? అన్నయ్యా, ఇది హాలా, ఆసుపత్రా? చెక్క బల్లకుండే కళే వేరు," అంది ఆడపడుచు. మూడు వీధుల అవతల ఉంటుంది కాబట్టి మా ఇంట్లో ఏ వస్తువు కదిలినా ముందు ఆమెకే తెలుస్తుంది. "అమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

"అమ్మనెవరు అడిగారే ఎప్పుడైనా," అని నవ్వాడాయన. తెలియకుండానే నిజం చెప్పాడు.

మామగారు పేపరు దించలేదు. "నా బల్ల నాకుంటే చాలు. మీరు ఏ గాజు తెచ్చుకుంటారో తెచ్చుకోండి," అన్నారు. ఆ బల్లకి ఒక కాలు చీలి, కింద మడిచి పెట్టిన అట్టముక్క మీద నిలబడి ఉంది. కొత్త సోఫా వచ్చాక అది మరీ పొట్టిదైపోయింది. కప్పు పెట్టాలంటే ఆయన నడుము వంచాల్సి వస్తోంది. అందుకే సోఫాకి అటొకటి, ఇటొకటి బల్లలు కొనాలనుకున్నాం. పాతకాలపువి కొనాలా, ఇప్పటివి కొనాలా అన్నది వారం రోజులుగా తేలడం లేదు.

"నువ్వేమంటావు?" అని చివరికి మా ఆయన నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా బల్ల మీద రెండుసార్లు టక్, టక్ మని వినపడింది. నేను లేచి వెళ్ళి టీ పెట్టాను.

ఆ చప్పుడు ఈ ఇంట్లో నాకంటే పెద్దది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఓపిగ్గా చెప్పారు. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లు కొడితే టీ, ఆగకుండా కొడితే ఖాళీ కప్పు తీసెయ్యమని. ఎప్పుడో మామగారికి గొంతు పాడై, నెల్లాళ్ళు మాట్లాడొద్దన్నాడట డాక్టరు. అప్పుడు వేలికున్న ఉంగరంతో బల్ల మీద కొట్టి పిలవడం మొదలుపెట్టారట. "గొంతు తగ్గిందమ్మా, అలవాటే తగ్గలేదు," అని నవ్వారు అత్తగారు. ఆయన కాలేజీలో పాఠం చెబుతుంటే పక్క క్లాసు వాళ్ళు తలుపులు మూసుకునేవారట. ఊరందరికీ వినపడే ఆ గొంతు ఇంట్లో ఆమెకి మాత్రం వినపడలేదు. కొన్నాళ్ళకి మా ఆయన కూడా అప్పటి పాత సోఫాలో తనవైపు చెక్క చేతి మీద స్పూనుతో కొట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో సరదాకి. "నాన్నలా చేశాను, చూశావా," అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే టీ తెచ్చాను. ఆ సరదాకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు నిండాయి.

నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో నాది పెద్ద ఉద్యోగమే. పోయిన నెల మీటింగులో నా రిపోర్టు నేనే చదవాలి. కాగితాలు సర్దుకుంటున్నాను. పై అధికారి ఏదో ఆలోచిస్తూ పెన్ను మూతతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. నేను లేచి నిలబడ్డాను. తలుపు వైపు రెండడుగులు వేశాను కూడా. "టీ చెప్పడానికా అమ్మా? మంచిది, అందరికీ చెప్పండి," అన్నాడాయన. చెప్పి వచ్చాను. ఎందుకు లేచావని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. నేను లేవలేదు, నా కాళ్ళు లేచాయి.

అత్తగారు పోయి ఏడాది దాటింది. అయినా బల్ల మీద చప్పుడైనప్పుడల్లా నాకంటే అరక్షణం ముందు వంటింట్లో ఇంకెవరో లేచిన అలికిడి. స్టవ్ దగ్గర నేనే ఉంటాను, నా వెనకే పీట జరిగినట్టుంటుంది. మొదట్లో వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు చూడను. కప్పులు తీస్తూ కొంచెం పక్కకి జరుగుతాను, ఆమెకి దారిస్తున్నట్టు. పగలైనా అంతే, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా అంతే. భయం కాదు. ఆసుపత్రిలో ఆఖరి రోజున నేను చూసినది మర్చిపోలేకపోవడం. ఆమెకి స్పృహ లేదు. పిల్లలు పిలిచారు, మనవరాలు చెవి దగ్గర నోరు పెట్టి పిలిచింది, కనురెప్ప కదల్లేదు. అప్పుడు నర్సు సూదిమందు సీసాని గోటితో రెండుసార్లు కొట్టింది. దుప్పటి కింద అత్తగారి పాదాలు చెప్పుల కోసం తడుముకున్నట్టు అటూ ఇటూ కదిలాయి. కాళ్ళ దగ్గర కూర్చున్నది నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు. ఆ పాదాల మీద చెయ్యి వేసి, "పడుకోండత్తయ్యా, నేను వెళ్తాను," అన్నాను.

మొన్న ఆదివారం అందరం కొట్టుకి వెళ్ళాం, మామగారు తప్ప. కింది అంతస్తులో కొత్తరకం బల్లలు, పైన పాతవి. పాతవాటి మధ్య నడుస్తుంటే ఎవరెవరి ఇళ్ళో గుర్తొచ్చాయి. ఒక్కో బల్ల మీదా కప్పులు పెట్టిన గుండ్రటి మచ్చలు. ఆ కప్పులు తీసినవాళ్ళ గుర్తులు మాత్రం ఎక్కడా కనపడవు. "కూర్చుని చూడండి మేడమ్. చెయ్యి చాపితే బల్ల అందాలి. అదే లెక్క," అన్నాడు అమ్మే అతను. ఆడపడుచూ, నేనూ, పధ్నాలుగేళ్ళ మా అమ్మాయీ అక్కడున్న ఒక సోఫాలో వరసగా కూర్చున్నాం. చెయ్యి చాపమంటే ఎంత దూరం చాపాలో నాకు తెలియలేదు. ఇంట్లో మా సోఫాలో బల్ల అందే చివర నేనెప్పుడూ కూర్చోలేదు.

"ఈ చెక్క చూడండి సార్, లోపల డొల్ల ఉండదు. వినండి," అని అతను మా పక్కనున్న బల్ల మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు.

ముగ్గురం లేచి నిలబడ్డాం. నాకు మాత్రం నలుగురం లేచినట్టే ఉంది.

"ఏంటి, అప్పుడే వెళ్ళిపోదామా?" అన్నాడు మా ఆయన.

ఆడపడుచు మొహంలో రంగు లేదు. "వదినా, మనమెందుకు లేచాం?" అంది మెల్లగా. పెళ్ళయి పదిహేనేళ్ళయింది ఆమెకి. వాళ్ళింట్లో ఇలా బల్ల మీద కొట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

"నాకేం తెలుసు అత్తా, మీరు లేచారని లేచాను," అంది మా అమ్మాయి, చేతిలో ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

"కాదే. నువ్వే ముందు లేచావు," అంది ఆడపడుచు.

"గాజు మీదైతే ఇంకా బాగా వినపడుతుంది సార్, కింద చూపిస్తాను," అంటున్నాడు అమ్మే అతను. మా ఆయన అతని వెంట మెట్లు దిగాడు. వారం రోజులుగా మేం వాదించుకున్నది మమ్మల్ని దేని మీద కొట్టి పిలవాలన్న దాని గురించేనని అప్పుడు తట్టింది. మా అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చుంది. దాని మోకాళ్ళ వైపు చూశాను. ఏడాది క్రితం దుప్పటి కింద కదిలిన పాదాలు గుర్తొచ్చాయి.

ఏమీ కొనకుండానే ఇంటికొచ్చాం. "ఆడవాళ్ళతో షాపింగుకి వెళ్తే ఇంతే," అని దారంతా విసుక్కున్నాడు మా ఆయన.

ఇంట్లోకి అడుగు పెట్టగానే మా ఆయన సోఫాలో తన చివర వాలాడు. మామగారు తన చివరే ఉన్నారు. మధ్యలో నేను కూర్చున్నాను. మా అమ్మాయిని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆడపడుచు ఎదురు కుర్చీ లాక్కుంది.

"ఇంతకీ ఏ బల్ల తెచ్చారు?" అన్నారు మామగారు. జవాబు కోసం ఆగలేదు. ఉంగరం బల్ల మీద రెండుసార్లు మోగింది.

నా పక్కన మా అమ్మాయి ఒళ్ళు కదిలింది. దాని మోకాలి మీద అరచెయ్యి ఆన్చి ఉంచాను. వంటింట్లో ఎవరో లేచిన అలికిడి వినపడింది. ఈసారి నేను దారివ్వలేదు. మామగారు పేపరు దించి, అందరి వంకా చూశారు. మళ్ళీ కొట్టారు.

"బల్లలు మీ ఇష్టం మామయ్యా," అన్నాను. గొంతు పెంచలేదు. "పాతది ఉంచుకోండి, గాజుది తెచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇవాళ్టి నుంచి ఆ చప్పుడుకి ఈ ఇంట్లో ఎవ్వరం లేవం. ఏం కావాలన్నా నోటితో అడగండి. అడిగాక వీలుంటే వస్తాం, లేదంటే లేదని చెప్తాం."