కెర్నల్ మీది పేరు

దానమ్మకు చదువు రాదు. పలాసలో జీడి పిక్కలు కొట్టే పని ఆవిడది. అయినా, కొడుకు కంప్యూటర్ ఆన్ చేయగానే పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క మాటను మాత్రం పోల్చుకునేది. కెర్నల్. జీడిపప్పు డబ్బాల మీద కూడా ఆ మాటే ఉంటుంది మరి.

"ఒరే రాబర్టూ, మా పప్పు నీ డబ్బాలోకి ఎలగొచ్చినాదిరా?" అని నవ్వేది.

"దీన్లోనూ అది పప్పేనే అమ్మా. దాని పక్కన కట్టినోడి పేరు పడతాది. ఇదిగో, నా పేరు."

ఆవిడ ఆ పేరును నల్లబడ్డ వేలితో తడిమేది.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను, దాని నడిమి పప్పులాంటి కెర్నల్‌తో సహా, రాబర్ట్ సోర్సు కోడ్ తెచ్చి తానే కంపైల్ చేసేవాడు. దాన్ని 'కట్టడం' అనేవాడు. ఉద్దానంలో చాలా ఇళ్ళలో లాగే వాళ్ళింట్లోనూ కిడ్నీ జబ్బు దూరి రాబర్ట్‌ను పట్టుకుంది. డయాలసిస్‌కు వెళ్ళని రోజుల్లో చెల్లెలు దీవెనను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాడు.

"కెర్నలూ సిస్టమూ ఒకే సోర్సులోంచి రావాలే. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే ఒకరి మాట ఒకరికి తెలీదు. నాను నేకపోయినా దీన్ని పాతబడిపోనీకు."

"అలాటి మాటలాడితే నేర్సుకోను పో," అనేది దీవెన.

జీడితోటలు పూతకొచ్చిన నెలలో రాబర్ట్ పోయాడు. అప్పట్నుంచి దానమ్మ పని నుంచి రాగానే తెర ముందు కూర్చుని, "ఏదే, మీ అన్న పేరు సూపించు," అనేది.

వేసవి సెలవుల్లో దీవెన అన్న మాట నిలబెడదామనుకుంది. ఫోన్లో డేటా కెర్నల్ సోర్సుకే సరిపోయింది. మిగతాది తర్వాత తెద్దాంలే అని కెర్నల్ ఒక్కటీ కట్టి ఎక్కించింది. తీరా చూస్తే నెట్ కలవలేదు. ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపమంటే పిచ్చి అంకెలు వచ్చాయి. కొత్తదీ పాతదీ పొసగక అలా అయిందని ఆ పిల్లకు తోచలేదు. కట్టడంలోనే తప్పు చేశాననుకుని, మళ్ళీ కట్టి మళ్ళీ ఎక్కించింది.

కొత్త కెర్నల్ ఎక్కిస్తే అంతకుముందుది 'పాతది' అనే చోటికి పోతుంది. అక్కడ ఒక్కటే పడుతుంది. మొదటిసారి అక్కడికి అన్న కట్టినది వెళ్ళింది. రెండోసారి తాను ముందు కట్టినది వెళ్ళి, అన్నదాన్ని తుడిచేసింది.

అది అర్థమయ్యాక దీవెన ఆ చోటంతా మళ్ళీ వెతికింది. అదే పాత సోర్సుతో మళ్ళీ కట్టినా పడేది తన పేరే.

సాయంత్రం దానమ్మ వచ్చి కూర్చుంది. దీవెన ఆన్ చేసింది. దానమ్మ వేలు తెర దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇది కాదే."

"అదేనమ్మా."

"ఎర్రిమొకమా! సదువు నేకపోతే కళ్ళు కూడా నేవనుకున్నావేటి? ఆడి పేరు సివర సిలువుంటాది. సిలువేదీ?"

నిజమే. ఇంగ్లీషులో రాబర్ట్ పేరు చివరి అక్షరం, చిన్న t, అచ్చం సిలువలాగే ఉంటుంది. అన్నాళ్ళూ ఆ పేరు చదివిన దీవెనకే ఆ సంగతి తట్టలేదు.

"పోయిందమ్మా. నానే తుడిసేసినాను."

దానమ్మ ఆ కొత్త పేరు మీద వేలు పెట్టింది.

"మరి ఇది ఎవుల పేరు?"

"నాదే."

"ఇప్పుడేటి సేస్తావు?"

"మిగతాది కూడా కొత్తది కట్టాల. అప్పుడు అన్న కట్టింది ఏటీ మిగల్దు."

"సగం ఆడిది, సగం నీది ఉంచితే?"

"ఒకరి మాట ఒకరికి తెలీదమ్మా."

"అయితే కట్టీ," అని దానమ్మ కొంగుతో తెర తుడిచింది.

మిగతా సోర్సు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన రోజున ఆవిడ పనిలోకి పోలేదు. దీవెన కంపైల్ మొదలుపెట్టగానే తెరనిండా ఇంగ్లీషు వరసలు పైకి పాకసాగాయి. దానమ్మ ముందుకు వంగి వరస వరసా వెతికింది.

"ఇందల శానా సిలువలున్నాయే," అంది. "ఆడిదేదీ?"

వరసలు పైకి పోతూనే ఉన్నాయి.