రెండంగుళాల కంకర

మైలురాయిని పీకి పార్కులో పెట్టడమేమిటండీ? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. ‘అమలాపురం 7 మైళ్ళు’ అని చెక్కిన రాయి అది. తెల్లదొరల కాలం నుంచి మా పేట ముందు, పాత రోడ్డు పక్కన నిలబడి ఉంది. చరిత్రని కాపాడతామంటూ జనవరిలో క్రేను తెచ్చి దాన్ని పట్టుకెళ్ళారు. అమలాపురం పార్కులో చుట్టూ గొలుసు కట్టి నిలబెట్టారు. ఇప్పుడది అమలాపురం నడిబొడ్డున నిలబడి, అమలాపురం ఏడు మైళ్ళని చెబుతోంది! సెల్ఫీలు దిగేవాళ్ళలో ఒక్కరికీ ఇదేమిటన్న అనుమానమే రాలేదు.

పాత రోడ్డంటే ఒకప్పటి ముమ్మిడివరం పెద్ద రోడ్డే. నా చిన్నప్పుడు దాన్ని తిన్నగా వేస్తే, మా దగ్గర అరమైలు వంపు విడిగా మిగిలిపోయింది. బస్సులన్నీ అటు వెళ్ళిపోయాయి. ఇటు తారు లేచిపోయింది, పైన మట్టి పేరుకుంది. అయినా మా నలభై గడపల వాళ్ళం పెద్ద రోడ్డెక్కాలంటే అదొక్కటే దారి. మా తమ్ముడు రవికుమార్‌కి వారానికి మూడుసార్లు అమలాపురంలో డయాలసిస్. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆటో గుమ్మం దాకా రావలసిందే.

రాయి వెళ్ళిపోయిన నెలకి, ఆ వంపుకి అటూ ఇటూ రొయ్యల చెరువులున్న గంగాధరరావుగారు దారి మొదట్లో ఇనప గేటు పెట్టి తాళం వేయించారు. నేను వెళ్ళి అడిగాను.

“ఇది మా చెరువు గట్టండి టీచరుగారూ. రోడ్డు, రోడ్డంటారు. ఎక్కడుందండీ రోడ్డు?” అన్నారు నవ్వుతూ.

ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు నాది. ఆ పూట ఆ నోటితోనే బతిమాలాను, ఆయన తాళం తియ్యలేదు. ఆ తరవాత తొమ్మిది రోజులు మా తమ్ముణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మనుషులు చెరువు గట్ల మీదుగా మోశారు. మూడోసారి కుర్చీ జారింది. వాడు బురదలో పడి, నా వైపు చూసి, “వద్దక్కా, ఇంక నేను వెళ్ళను” అన్నాడు. వెళ్ళకపోతే ఏమవుతుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సాయంత్రమే అర్జీ రాశాను.

పదో రోజు పొద్దున్న సర్వేయరు వెంకటసాయి దారి దగ్గరికి వచ్చాడు, గంగాధరరావుగారూ వచ్చి నిలబడ్డారు. సర్వేయరు కుర్రాడు, మంచివాడే. కానీ చేతిలో కాగితాలు తప్ప ఇంకేమీ చూడడు.

“కొత్త రోడ్డు వేసినప్పుడు పాతది రికార్డులోంచి తీసేసేరండి మేడమ్. కనీసం మైలురాయైనా ఉంటే ఇది రోడ్డని గుర్తుండేదండి.”

“ఆ రాయిని పట్టుకుపోయింది మీ గవర్నమెంటు కాదేంటండీ?”

“ఆయ్. అది వేరే డిపార్టుమెంటండి.”

వేరే డిపార్టుమెంటట! నేనింకేం అనేదాన్నో గానీ, ఇంతలో మా అమ్మ దానమ్మ గునపం ఈడ్చుకుంటూ వచ్చింది. ఎనభైకి ఒక్క ఏడాది తక్కువ ఆవిడకి.

“రాయి పోతే పోయింది గానీ బాబూ, ఇక్కడ జానెడు తవ్వించు. ఈ కోనసీమలో రాయి పుడతాదేంటి? నుయ్యి తవ్వినా ఒండ్రూ ఇసకే. రాయి కనపడిందంటే ఎవరో తెచ్చి వేసిందే.”

వెంకటసాయి తవ్వించాడు. జానెడు కాదు, బెత్తెడు లోతులోనే గునపం ఖంగుమంది. నల్లటి కంకర, దట్టంగా.

గంగాధరరావుగారి ముఖం మాడింది గానీ నోరు మూతపడలేదు. “ఎవరో ఇల్లు పడగొట్టిన రద్దు పోసుంటారండి. దీనికే రోడ్డంటే ఎలాగండీ?”

“రద్దా?” అమ్మ గొంతు లేచింది. “కాలవ మీద పడవల్లో వచ్చేయి ఈ రాళ్ళు. అప్పటిదాకా ఇది మట్టిరోడ్డే, నాకప్పుడు పదహారేళ్ళు. ఎండలో కూర్చుని, సుత్తి పట్టుకుని కొట్టేం. మేస్త్రీ చేతిలో రెండంగుళాల ఇనప రింగుండేది. ఒక్క రాయి అందులో దూరకపోతే కుప్పంతా తిరగబోసి మళ్ళీ కొట్టమనేవోడు. రద్దయితే చిన్నా పెద్దా ఉంటాయి కదా? మీ ఇష్టమొచ్చిన చోట తవ్వించండి. ఒక్కటి దూరకపోయినా ఈ దారి మీకొదిలేస్తాను.”

నేను అమ్మ భుజం పట్టుకున్నాను. “అమ్మా, ఏం మాటలవి! తమ్ముడి ప్రాణం మీద పందేలా?”

“నువ్వూరుకో. నేను కొట్టిన రాయి నాకు తెలవదా?”

మూడు చోట్ల తవ్వించారు. చోటు చూపించింది గంగాధరరావుగారే. అమ్మ మట్టిలో చతికిలబడి, వంకర్లు పోయిన బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా పట్టుకుంది. వెంకటసాయి టేపు పెట్టి ఆ గుండ్రం కొలిచాడు. రెండంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఒక్కో రాయీ వేళ్ళ మధ్యలోంచి జారిపోతోంది. ఇరవై, నలభై, అరవై. ఒకటి మధ్యలో పట్టేసింది. అమ్మ దానికి అంటిన మట్టిని గోటితో గీకి, మళ్ళీ పెట్టింది. దూరింది. వంద దాటాక వెంకటసాయే, “చాలండి మామ్మగారూ, రోడ్డేనండి” అన్నాడు. గంగాధరరావుగారు జేబులోంచి సెల్‌ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతూ పక్కకి వెళ్ళిపోయారు.

వెంకటసాయి అక్కడే పంచనామా మొదలుపెట్టాడు. ‘రోడ్డు నిర్మించినవారు’ అన్న చోట పెన్ను ఆగింది.

“నా పేరు రాయి” అంది అమ్మ.

“డిపార్టుమెంటు పేరు రాయాలండి మామ్మగారూ.”

“డిపార్టుమెంటొచ్చి ఇక్కడ కూర్చుని రాళ్ళు కొట్టిందా బాబూ?”

వెంకటసాయి డిపార్టుమెంటు పేరే రాశాడు. నాకు కోపం ఆగలేదు. కాగితం లాక్కుని, ఆ పేరు కింద ‘కంకర కొట్టింది దానమ్మ’ అని రాసి అమ్మ చేతికిచ్చాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆవిడ సంతకం పెట్టింది. వాడు వద్దనలేదు.

గంగాధరరావుగారి మనిషి తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. గేటవతల ఆటో ఆగి ఉంది.

“వేగిరం తియ్యండయ్యా” అని అరిచింది అమ్మ, ఆ కంకర మీంచి లేవకుండానే. “మా వోడికి పదకొండింటికి మిషను.”