ముప్పై గజాలా, నలభై గజాలా?

తొమ్మిదేళ్ళుగా నాకొక సందేహం. డోరా ఆల్డర్సన్ గారి పై పొలంలో, గేటు దగ్గర్నుంచి ముళ్ళచెట్టుకి ముప్పై గజాలా, నలభై గజాలా?

వినేవాళ్ళకి నవ్వు రావచ్చు. ఆ రోజు నేను ముప్పై అనుకుని గాలి తుపాకీ పేల్చాను. తలకి పెట్టిన గురి కిందికి జారి కుందేలు భుజానికి తగిలింది. అది ఈడ్చుకుంటూ బొరియలోకి పోయింది. మోచెయ్యి దాటి చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. తప్పు నా చేతిదా, నా అంచనాదా? ఆదివారం ఆరాధనలో పాపాలు ఒప్పుకునే మౌనం రాగానే నాకు ఆ కుందేలే కనిపిస్తుంది. పాస్టరుగారిని అడిగితే, పిచ్చుక నేలరాలినా పరలోకపు తండ్రికి తెలుస్తుందన్నారు. నిజమే. కానీ గజాల సంగతి ఆయనా చెప్పలేదు.

అప్పట్నుంచి రేకు బొమ్మల మీదే పేలుస్తున్నాను.

మా లోయలో, వేటకి పొలం ఇచ్చినవారి గుమ్మంలో మొదటి కుందేలు పెట్టడం ఆనవాయితీ. ఆ ఉదయం డోరా గారితో నేను, "కుందేలు మాంసం కూరే రొట్టెకి పిండి కలిపి ఉంచండి, సాయంత్రానికి తెచ్చేస్తా" అని గొప్పలకి పోయాను. వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఏటా కోతల పండుగ ఆరాధనలో ఆవిడ వెనక బెంచీలోంచి వంగి, "ఎనోక్, కలిపిన పిండి ఎండిపోయిందయ్యా" అంటుంది.

ఈ సెప్టెంబరులో మాత్రం నవ్వలేదు. ఆవిడ పొట్టి గుర్రం కుందేలు గుంటలో కాలు పెట్టి కుంటుతోంది.

"శనివారం దాకా చూస్తా. నువ్వొచ్చి కుందేళ్ళని కొట్టావా సరే. లేదంటే పొగమందు వాళ్ళని పిలుస్తా."

పొగమందంటే బొరియలన్నీ మూసి లోపలే ఊపిరాడకుండా చంపడం. ఒక్కదాన్ని గాయపరిచినందుకే ఇన్నేళ్ళుగా నా మనసు కుదుటపడలేదు. చేతులు ముడుచుకుని కూర్చుంటే ఆ పాపంలో నా వంతెంత?

మా ఆవిడ ఐవీ తేల్చేసింది. "దూరం కొలిచే ఆ లేజరేదో కొనుక్కో. వంటింటి రంగు డబ్బాలకని దాచినవి డెబ్బై పౌండ్లున్నాయి. గోడలు ఇంకో ఏడాది ఇలాగే ఉంటాయిలే."

శుక్రవారం సంత రోజు సెల్విన్‌తో కలిసి తుపాకుల కొట్టుకి వెళ్ళాను. సెల్విన్ వడ్రంగి, నా చిన్ననాటి స్నేహితుడు, తొమ్మిదేళ్ళుగా నలభై అంటున్నది వాడే.

కొట్టతను ఒక పెద్ద యంత్రం తీశాడు. "మైలు దూరం కొలుస్తుంది సార్!"

"మైలా?" అన్నాడు సెల్విన్. "వీడి గుండు నలభై అయిదు గజాలకే ఆయాసపడి కూలబడుతుంది!"

"ఎంత దగ్గర్నుంచి కొలుస్తుంది?" అని అడిగాను. అతను కాగితం చూసి గొణిగాడు. పదిహేను లోపల చూపదట. కుందేలు పది గజాల్లో కూర్చుంటే నేను వెనక్కి నడవాలన్నమాట.

రెండోదాంట్లో అంకెలు నలుపు. కొట్టు వెనక చీకటి మూలకి తిప్పితే ఏమీ కనబడలేదు. కుందేళ్ళు బయటికొచ్చేదే మునిమాపు వేళ. మూడోది అరవై నాలుగు పౌండ్లు, ఎర్ర అంకెలు, అయిదు నుంచే కొలుస్తుంది.

"అది గోల్ఫ్ ఆడేవాళ్ళది సార్."

"ముళ్ళచెట్టుకి ఆ సంగతి తెలీదులే," అన్నాను.

"మాట మీద కొనకు," అంటూ సెల్విన్ తన పొడుగు టేపు తీశాడు. వీధిలోకొచ్చాం. తపాలా డబ్బాకి గురిపెట్టి మీట నొక్కాను. ఇరవై మూడు. టేపు రెండో కొస మాంసం కొట్టావిడ పట్టుకుంది. ఇరవై మూడు! రొట్టెల కొట్టు బోర్డుకి పంతొమ్మిది. టేపూ పంతొమ్మిదే! సంతకొచ్చినవాళ్ళు చుట్టూ మూగారు.

"బార్‌కి ఎంతో చెప్పు!" అని ఎవరో అరిచారు.

"నీకెందుకు, నువ్వు కళ్ళు మూసుకుని పోతావుగా!" అంది మాంసం కొట్టావిడ.

శనివారం మధ్యాహ్నం సెల్విన్‌తో కలిసి ఆ గేటు దగ్గర నిలబడ్డాను. ముళ్ళచెట్టు మీద ఎర్ర చుక్క పెట్టి నొక్కాను.

ముప్పై ఆరు!

"నువ్వూ కాదు, నేనూ కాదు!" అని గెంతాను. సెల్విన్ ముఖం మాడిపోయింది.

కానీ అనుమానం నా పుట్టుకలోనే ఉంది. ముందు చెట్టు మొదట్లో అట్టముక్క పెట్టాను. ఏ దూరానికి ఎంత ఎత్తున గురిపెట్టాలో తుపాకీ మడమ మీద అంటించిన చీటీలో ఉంది. ముప్పై ఆరుకి చూసుకుని పేల్చాను. గుండు అంగుళం కింద పడింది. మళ్ళీ పేల్చాను. మళ్ళీ అక్కడే. చెయ్యే పాడైందా?

సెల్విన్ యంత్రం లాక్కుని కంటికి పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి కంచె పట్టుకుని పగలబడి నవ్వాడు.

"ఒరే గుడ్డోడా! అంకె పక్కన మీటర్ల గుర్తుందిరా! నీ చీటీ గజాల్లో ఉంది!"

"మరి నీ టేపు?"

వాడి నవ్వాగిపోయింది. వడ్రంగి టేపు కూడా మీటర్లదే. అందుకే వీధిలో అన్నీ అచ్చు గుద్దినట్టు కలిశాయి!

మీట నొక్కిపట్టి గజాల్లోకి మార్చాం. ముప్పై తొమ్మిదిన్నర.

"నలభై," అన్నాడు సెల్విన్ తీరిగ్గా.

"నలభైయే," అని ఒప్పుకున్నాను. ఓడిపోయి ఇంత సంతోషించడం నాకదే మొదలు. ఆ రోజు చెయ్యి వణకలేదు. తెలియనిదాన్ని తెలుసనుకున్నాను, అంతే. అట్టముక్క మీద మళ్ళీ పేల్చాను. నడిమధ్యన పడింది.

మునిమాపున గోడ వారనుంచి ఒక కుందేలు వచ్చింది. దాని పక్క రాయి మీద చుక్క పెట్టాను. ముప్పై మూడు గజాలు. గురి కుదరాలని దేవుణ్ణి అడగొచ్చా అన్నది నాకిప్పటికీ తెలీదు. దూరం తెలియకుండా పేల్చనివ్వొద్దని మాత్రం అడిగి, వేలు బిగించాను. కుందేలు ఉన్నచోటే ఒరిగింది. కాలైనా ఆడించలేదు.

"స్తోత్రం," అన్నాను. సెల్విన్ టోపీ తీశాడు.

శుభ్రం చేసి, పట్టుకుని మోయడానికి వీలుగా ఒక వెనక కాలిని ఇంకోదాని నరం సందులోంచి దూర్చి, డోరా గారి గుమ్మంలో పెట్టి తలుపు తట్టాను. ఆవిడ కిందికి చూసింది, నన్ను చూసింది.

"సోమవారం కూడా రా. పొగమందు వాళ్ళకి వద్దని చెప్తాలే."

కుందేల్ని ఎత్తి బరువు చూసుకుంటూ లోపలికి నడిచింది.

"ఎనోక్, ఇది ఆ తొమ్మిదేళ్ళ నాటి బాకీ. ముట్టింది."